వీరభద్రరావుగారి మోటారుకి దాహమేసిన వైనం

వీరభద్రరావుగారికి ఈ లోకంలో ఏ పదార్థాన్ని చూసినా ఒకటే అనుమానం: ఇందులో ఎవరో నీళ్లు కలిపారు.

పాల సంచి జగ్గులో పెట్టి మూల కత్తిరించగానే వెలుతురుకెత్తి చూస్తారు. "చాముండీ, ఇవి పాలు కావు. పాలను దూరం నుంచి చూసొచ్చిన నీళ్లు" అంటారు భార్యతో. కెనడాలోని మిల్టన్‌లో ఒక పెళ్లికి వెళ్లి, సాంబారును గరిటెతో ఎత్తి ధారగా వదిలి పరీక్షిస్తూ నిలబడితే వెనక క్యూ అంతా ఆగిపోయింది. ఒకరోజు ఇంట్లో రసం పోసుకుని, "నీళ్లెక్కువయ్యాయి" అన్నారు.

చాముండేశ్వరికి ఒళ్లు మండింది. "రసమంటేనే నీళ్లు కదండీ! దాన్నీ వదలరా?"

"అందుకే అంటున్నా. నీళ్లలో కూడా నీళ్లు కలిపావు."

ఆయన అదే కెనడాలో, తాముండే విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలో గేర్ల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ అనుమానానికి అక్కడ జీతమిచ్చి గౌరవించారు. ఇంట్లో మాత్రం ఆవిడ ఉత్తపుణ్యానికి భరించాలి.

చలికాలం ముందు ఈ అనుమానానికి పండగే. చేపలు పట్టడానికి కొన్న చిన్న పడవకు వెనక తగిలించే మోటారు ఒకటుంది. అడుగున గేర్లుండే పెట్టెలోకి నీళ్లు చేరితే, చలికి గడ్డకట్టి ఉబ్బి పెట్టెనే పగలగొడతాయి. అందుకని ఏటా అడుగు స్క్రూ వదులు చేసి, మొదటి చుక్కలు గిన్నెలో పట్టి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూస్తారు. ఏటా ఆయిల్ శుభ్రంగానే ఉంటుంది. ఆ రోజు ఆయన కుదిరిన సంబంధం తప్పిపోయినట్టు మొహం వేలాడేసుకుని లోపలికొస్తారు.

ఊరంతా స్టూడెంట్లతో నిండిపోయిన ఏడాది అది. కిరాణా కొట్లో ఒక్క ఉద్యోగముందంటే క్యూ వీధి మలుపు తిరిగేది. వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న దేవిశ్రీది కరీంనగర్. మెకానికల్ చదివి, ఇక్కడ కాలేజీలో చేరింది. ఎన్ని చోట్ల అప్లై చేసినా పార్ట్‌టైమ్ దొరకలేదు. చివరికి సరస్సు ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డువాళ్లు శనివారం ట్రయల్‌కి రమ్మన్నారు.

"ఇది గూడ సెట్ కాకపోతే ఇంటికి పోవుడే ఆంటీ. వచ్చే సెమిస్టర్ కట్టలేను" అంది ఆ పిల్ల. చాముండేశ్వరి ఆ పిల్లను కూర్చోబెట్టి అన్నం వడ్డించింది.

వీరభద్రరావుగారు మాత్రం వెంటనే పరీక్ష మొదలుపెట్టారు. "గేర్ ఆయిల్లో నీళ్లు కలిస్తే ఎలా ఉంటుంది?"

"పాలు పోసిన కాఫీ లెక్క ఉంటదట అంకుల్."

"ఉంటదటనా? చూశావా?"

"వీడియోల చూసిన, గంతే."

"వీడియోల్లో కూడా నీళ్లు కలుపుతారు!"

అప్పటికప్పుడు పెరట్లోకి తీసుకెళ్లి తన మోటారు విప్పించారు. ఆయిల్ నువ్వుల నూనెలా నిగనిగలాడుతూ దిగింది.

"మీ మోటార్ మంచిగుంది అంకుల్" అంది దేవిశ్రీ నీరసంగా.

"అదే దాని దరిద్రం" అన్నారాయన.

మర్నాడు చాముండేశ్వరికి టీ గ్లాసు ఒకటి కనబడలేదు. వెతుకుతుంటే పెరట్లోంచి హోరు. మోటారు వేడెక్కకుండా తోట పైపు తగిలించి నడిపిస్తున్నారు ఆయన.

"ఇప్పుడెందుకండీ దాన్ని మోగిస్తున్నారు?"

"వ్యాయామం. నెలల తరబడి పడుకోబోతోంది కదా!"

శుక్రవారం దేవిశ్రీ కాలేజీ నుంచి రాగానే పిలిచారు. "అమ్మాయ్, ఈ మోటారులో నీళ్లున్నాయని నా అనుమానం."

"మొన్ననే చూసినం కద అంకుల్?"

"ఇది మొన్నటి అనుమానం కాదు, కొత్తది."

ఆ పిల్ల నిట్టూర్చి అడుగు స్క్రూ వదులు చేసింది. గిన్నెలోకి చిక్కటి కాఫీ దిగింది. "అంకుల్! నీళ్లు!" అని ఎగిరి గంతేసింది.

"రంగు మీ ఆంటీ కూడా చెబుతుంది. ఎక్కణ్ణుంచి వచ్చాయో నువ్వు చెప్పు."

దేవిశ్రీ స్క్రూల కింది వాషర్లు చూసింది. ప్రొపెల్లర్ ఊడదీసి, వెనక చేపలు పట్టే దారం చుట్టుకుని, నీళ్లు చొరబడకుండా ఆపే సీలును కోసిందేమో చూసింది. ఆయిలంతా తీసేసి, గాలి ఒత్తిడి చూపే ముల్లున్న చేతిపంపుతో లోపలికి గాలి కొట్టింది. లీకుంటే ముల్లు పడిపోవాలి. పడలేదు. మళ్లీ కొట్టింది. ముల్లు కదలనే లేదు.

"ఏడ లీక్ లేదు అంకుల్. అన్ని సీల్స్ మంచిగున్నయ్."

"మరి నీళ్లు?"

ఆ పిల్ల తల గోక్కుంది. "తప్పైతే ఏమనుకోకుండ్రి... ఎవరో కావాలని పోసిన్రు."

టీ పట్టుకొచ్చిన చాముండేశ్వరి అక్కడే ఆగిపోయింది. మోటారు స్టాండు పక్కన ఆవిడ గ్లాసు, అంచుకి ఆయిల్ మరకతో. వీరభద్రరావుగారు అత్యంత శ్రద్ధగా ఆకాశం చూస్తున్నారు. ఊళ్లో అందరి పాలనూ సాంబారునూ అనుమానించిన పెద్దమనిషి, ప్రాణంలా చూసుకునే సొంత మోటారులో స్వహస్తాలతో నీళ్లు పోసి, నడిపి మరీ కలిపాడు! తిట్టాలని నోరు తెరిచింది గానీ, ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"దొంగే దొంగ దొంగ అని అరిచినట్టుంది" అంది. "టీ తాగమ్మా, నువ్వు పట్టింది సరైన దొంగనే."

దేవిశ్రీ గ్లాసు వంక, ఆయన వంక చూసింది. "నా కోసమా అంకుల్?"

"నీ కోసమెందుకు? వ్యాయామం చేసేసరికి మోటారుకి దాహమేసింది."

శనివారం షెడ్డులో ఆ పిల్లకిచ్చిన మోటారులోనూ ఆయిల్ కాఫీ రంగులోనే దిగిందట. రంగు చూసి కంగారు పడకుండా గాలి కొట్టి, లీకు పట్టుకుని, ప్రొపెల్లర్ వెనకనుంచి చేపల దారం లాగి చూపించింది. సోమవారం నుంచే రమ్మన్నారు.

ఆదివారం సన్నగా మంచు రాలుతుంటే వీరభద్రరావుగారు మోటారు ముందు కూర్చుని కొత్త ఆయిల్ పోసి తిప్పి తీసేశారు, మళ్లీ పోశారు, మళ్లీ తీశారు. పోసిన నీళ్లు పోవాలి కదా! చాముండేశ్వరి ఆయన నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడింది.

"ఎక్కడో ఓ మూల ఇంకా మిగిలిపోయి, చలికి పగిలితేనో?"

"పగిలితే పగిలింది" అన్నారాయన స్క్రూ బిగిస్తూ. "బాగుచేసే పిల్ల కిందే ఉందిగా!"