ఈ వారం ఉద్రేకం ఎవరిది?

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో మా యూనివర్సిటీకి పిల్లలు ఎందుకు కేకలు వేస్తున్నారో కనుక్కోవాలనిపించలేదు. ఎవరు వేయబోతున్నారో ముందే కనిపెట్టాలనిపించింది. వెంటనే ఒక కమిటీ పుట్టింది. ఒక్కో టీచరుకు పదిమంది విద్యార్థుల్ని అప్పగించి, ప్రతి శనివారం వాళ్లమీద ఒక ఫారం నింపమన్నారు. అందులో ముఖ్యమైన గడి "ఉద్రేక లక్షణాలు".

నేను కాంట్రాక్టు లెక్చరర్ని. ఉంచాలో పంపాలో ఏటా జూన్‌లో తేలుస్తారు. పైగా మావాళ్లు గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డవాళ్లు. పేర్లు రాస్తే ఆంధ్రా మేడం పట్టించిందంటారు, రాయకపోతే కమిటీ ఊరుకోదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మొదటి శనివారం పది గడుల్లోనూ "లేవు" అని రాసిచ్చాను. కమిటీ పెద్దాయన ఫారం వెనక్కి తోశారు.

"పదిమందిలో ఒక్కడికీ ఉద్రేకం లేదా? అంటే మీరు సరిగ్గా చూడటం లేదమ్మా."

ఆ సాయంత్రమే పదిమందినీ తార్నాక చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పేశాను. నవ్వి నవ్వి టీ ఒలకబోశారు.

"గింతదానికి పరేషానేంది మేడం? వారానికొకల్ని రాయుండ్రి. మేమే వంతులు పెట్టుకుంటం," అన్నాడు సీతాఫల్‌మండి నుంచి వచ్చే మాటకారి.

రోల్ నంబరు ప్రకారం వంతులు పడ్డాయి. ఎవరి లక్షణం వాళ్లే తెచ్చేవాళ్లు. మెస్‌లో పప్పు నీళ్లగా ఉందని ఒకడు బల్ల చరిచాడు. ఇంకొకడు పేపరు బిగ్గరగా చదివాడు. మరుసటి వారం ఆ పేరు పక్కన "మార్పు కనిపిస్తోంది" అని రాసి, తర్వాతివాణ్ణి రెచ్చిపోనిచ్చేదాన్ని. రోజూ ఊరేగింపులో ముందు నడిచేవాడు నా ఫారంలో రెండో వారానికే బాగుపడ్డాడు. కమిటీ మురిసిపోయింది. ఇంత త్వరగా ఎలా మార్చారని మీటింగులో అడిగితే "ఆప్యాయతతో" అన్నాను. చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నాకూ కాస్త గర్వంగానే అనిపించింది.

పదోవాడి వంతు వచ్చింది. పాలమూరు వైపు రైతుల పిల్లవాడు. రీడింగ్ రూం తప్ప వేరే లోకం తెలియదు, ఎస్సై పరీక్షకు చదువుతున్నాడు.

"నాకేం లక్షణం లేదు మేడం," అన్నాడు దిగులుగా.

మిగతావాళ్లు పగలబడి నవ్వారు. నేనే సాయం చేశాను. "ఎవరితోనూ మాట్లాడడు. లోలోపల ఏదో రగులుతోంది" అని రాశాను. వాక్యం బాగా కుదిరిందనుకున్నాను కూడా. సోమవారం నుంచి బంద్ అని క్యాంపస్ మూసేశారు. మళ్లీ తెరిచాక ఫారాలు ఎవరూ అడగలేదు. అతనికి మార్పు రాయాల్సిన వారం రానేలేదు.

ఏడాది తిరిగాక అతను ఎస్సైగా సెలెక్టయ్యాడు. ఉద్యోగంలో చేర్చుకునే ముందు చేసే పోలీసు విచారణలో నా ఫారం బయటపడింది. పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు.

"మీరు ఉత్తగనే రాసిన్రని ఒక్క కాగితం ఇయ్యుండ్రి మేడం. నౌకరి ఆగిపోయేటట్టున్నది."

అది జూన్ నెల. ఒక్క ఫారం అబద్ధమంటే అన్నీ అబద్ధాలవుతాయి. అప్పుడు పోయేది నా ఉద్యోగం. తప్పకుండా ఇస్తానని లోపలికెళ్లి, "ఇప్పుడితను పూర్తిగా మారాడు" అని రాసి సంతకం పెట్టి తెచ్చాను.

అతను రెండుసార్లు చదివాడు.

"ఇంతకుముందు నేనెట్లుంటి మేడం, ఇప్పుడు మారనీకె?"

ఇది చాలు, తీసుకెళ్లమన్నాను. చాలలేదు. మారాడంటే ఒకప్పుడు చెడ్డవాడే కదా అని పోలీసువాళ్లు తేల్చేశారు. అతనికి ఉద్యోగం రాలేదు. నేను భయపడ్డాను, దానికి ఇంకో మంచి పేరు వెతకను. ఆ జూన్‌లో నన్ను కొనసాగించారు. అనుభవం ఉందని, మళ్లీ మొదలైన కమిటీలో సభ్యురాలిగా కూడా వేశారు. కాదనలేదు.