రెండు వేళ్ల వదులు

వెన్ను వంగినవాళ్లకీ మెడ విరిగినవాళ్లకీ ఒంటికి బిగించే చట్రాలు తయారుచేసేవాడు కాబట్టి అందరూ ఆయన్ని చట్రాలాయన అనేవాళ్లు. ఆ పేరు ఆయనకి మొదట్లో నచ్చలేదు. ఒకసారి ఎవరో పెద్దావిడ పోయిన భర్త ఫోటో పట్టుకొచ్చి, దీనికి మంచి చట్రం కట్టిపెట్టు నాయనా అని బల్ల మీద పెట్టింది. ఆయన నవ్వకుండా దాన్ని తీసుకుని, అల్యూమినియం ముక్కలతో నిజంగానే కట్టిచ్చాడు. ఆ తర్వాత పేరు మీద కోపం పోయింది.

ఈ పనిలోకి ఆయన దొడ్డిదారినే వచ్చాడు. కుర్రతనంలో కారు సీట్లు కుట్టే షాపులో ఉండేవాడు. ఆసుపత్రి నుంచి ఒక అటెండరు తెగిపోయిన నడుం బెల్టు తెచ్చి, తొందరగా కుట్టివ్వమన్నాడు. కుట్టాడు కానీ, కుడుతున్నంతసేపూ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. సీటు మనిషిని మోస్తుంది, ఇది మనిషి చేతే మనిషిని మోయిస్తుంది, తేడా అంతే కదా అనిపించిందట. అలా అనిపించడమే ఆయన ఖర్మ. సీట్లు మానేసి ఆసుపత్రి వర్క్‌షాపులో చేరాడు, ఎముకల బొమ్మలు ముందేసుకుని చదివాడు, రెండోసారికి పరీక్ష గట్టెక్కాడు, చివరికి ఆసుపత్రి వెనక సందులో సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. లోపల ప్లాస్టిక్ రేకుల్ని మెత్తబరిచే ఓవెన్, గోడ పొడవునా తల లేని పిండికట్టు మొండేలు, వాటి మధ్య ఎప్పుడూ తెల్లగా దుమ్ము. ముందు గదిలో ఆయన భార్య కుట్టుమిషను. చట్రాలకి కావాల్సిన పట్టీలన్నీ ఆవిడే కుట్టేది.

మెడ విరిగినవాళ్ల తల కదలకుండా పెట్టే వలయం ఒకటుంది. నుదుటి దగ్గరా చెవుల వెనకా మరలు చర్మం దాటి పుర్రె ఎముకలో దిగుతాయి. అక్కణ్ణుంచి కడ్డీలు భుజాల మీది కవచానికి వస్తాయి. ఆ వలయాన్ని వెనకవైపు తెరిచి ఉంచితే మనిషి వెల్లకిలా పడుకోగలడని ఆయనకి తోచింది. గీసి, చేసి, ఇసక బస్తాలు వేలాడదీసి పరీక్షించి, ఆసుపత్రి సర్జన్ ముందు పెట్టాడు. సర్జన్ దాన్ని ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ స్నేహం.

పనిలో మాత్రం ఆయనది రాతి గుండె. వంకర వెన్నున్న పిల్లలు మొండెం చుట్టూ బిగించే బ్రేస్ తొడగగానే ఏడుస్తారు, తల్లులు కొంచెం వదులు చెయ్యమని బతిమాలతారు. ఆయన ఒకే మాట అనేవాడు. "నొక్కకపోతే అది బ్రేస్ కాదమ్మా, చొక్కా." మొక్కై వంగనిది మానై వంగునా అంటారే, ఆ సామెతని తన పనికి తిరగేసి చెప్పేవాడు. మొక్కగా ఉన్నప్పుడు సరిచెయ్యని వంకర మానయ్యాక గొడ్డలికి గానీ పోదు అని. గొడ్డలి అంటే ఆపరేషన్. తల్లులు ఆయన్ని తిట్టుకుంటూ వెళ్లేవాళ్లు. రెండేళ్ల తర్వాత వాళ్లే పిల్లల్ని నిటారుగా నడిపించుకుంటూ వచ్చి చూపించేవాళ్లు.

ఆయనకి ఒక్కతే కూతురు. బక్కపలచగా ఉంటుందని పిట్ట అనేవాళ్లు. పదకొండేళ్లు దాటాక ఆ పిల్ల స్కూలు గౌను అంచు ఒక పక్కకి దిగిందని తల్లి విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ దిగింది. కళ్లజోడు మార్చుకోవాలేమోనని ఆవిడ తన చూపునే అనుమానించింది తప్ప, పిల్ల ఒంటిని అనుమానించలేదు. చట్రాలాయన కూతుర్ని పిలిచి ముందుకి వంగమన్నాడు. వీపు కుడిపక్క దిబ్బలా లేచింది. అలాంటి వీపులు ఆయన ఎన్ని చూశాడో లెక్కలేదు. అయినా మళ్లీ వంగమన్నాడు, మళ్లీ వంగమన్నాడు. చివరికి పిట్టే విసుక్కుంది.

ఎక్స్‌రేలో వంపు ముప్పై ఎనిమిది డిగ్రీలు వచ్చింది. సర్జన్ దాచకుండా చెప్పాడు. పిల్ల ఎదిగే వయసులో ఉంది, ఎదుగుదల ఆగేదాకా బ్రేస్ పట్టి ఉంచితే గండం గడుస్తుంది, యాభై దాటితే వీపు తెరవక తప్పదు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ పని చేసేవాళ్లలో ఒక కట్టడి ఉంది. సొంత ఇంటివాళ్లకి ఎవరూ చట్రం చెయ్యరు, పక్క వర్క్‌షాపు వాడికి అప్పజెబుతారు. నువ్వూ అలాగే చెయ్యి అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఆయనకి ఆ మాట పౌరుషంగా తగిలింది. ఊళ్లో అందరి పిల్లలకీ పనికొచ్చిన చెయ్యి తన పిల్లకి పనికిరాదా? నేనే చేస్తానన్నాడు.

పిట్టని పల్చని బనీనులో నిలబెట్టి తడి పిండికట్టు గుడ్డలు చుట్టాడు. మొదట వెచ్చగా, తర్వాత చల్లగా ఉంటుంది, కదలకు అన్నాడు. ఆ పిల్ల కళ్లు మాత్రం తిప్పి గోడ మీది మొండేల వంక చూసి, "నన్ను కూడా తల తీసేసి అక్కడ పెడతావా నాన్నా?" అంది. అచ్చుని కోసి తీసి, అందులో పిండి పోసి మొండెం చేశాడు. నొక్కాల్సిన చోట చెక్కాడు, ఊపిరికి చోటు కావాల్సిన చోట పూశాడు. మెత్తబడ్డ రేకుని దాని మీద కప్పి, లోపల పక్కటెముకల దగ్గర గట్టి మెత్త అతికించాడు. వెనక మూడు పట్టీలు, భార్య కుట్టినవే. ఒక్కో పట్టీ మీద చెరగని సిరాతో అడ్డగీత గీశాడు. గీత బకిల్ దాకా వచ్చిందంటే బిగువు సరిపోయినట్టు. ఇల్లాలికి ఆ గీతలు కొత్త కాదు, అయినా పరాయి తల్లికి చెప్పినట్టే చెప్పాడు. "గీత దాకా లాగాలి. ఏడ్చినా సరే."

బ్రేస్ తొడిగి తీసిన ఎక్స్‌రేలో వంపు సగానికి సగం తగ్గింది. ఆయన ఆ ఫిల్ముని కిటికీ అద్దానికి ఆనించి భార్యకి వేలు పెట్టి చూపించాడు. ఇద్దరికీ ఆ రోజు కడుపు నిండిపోయింది.

పిట్ట ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడ్చేవాళ్లని ఎలా కసరాలో ఆయనకి తెలుసు. ఆ పిల్ల ఏడవలేదు. పొట్ట మీద బిగువుకి నాలుగు ముద్దలు తిని కంచం జరిపేసేది. స్కూల్లో తాబేలు అంటున్నారని చెప్పి తనే నవ్వేది. కింద పడిన పెన్సిల్ తీసుకోవడానికి మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి గుడ్డివాడిలా చాపి వెతుక్కునేది. ఒక ఆదివారం పిట్ట స్నానానికి వెళ్లినప్పుడు ఆయన బ్రేస్ చేతిలోకి తీసుకున్నాడు. లోపలి మెత్తకి చర్మం పొట్టు అంటుకుని ఉంది. ఎన్నో బ్రేసుల్లో అది చూసి, మంచిదే, నొక్కుతోంది అనుకున్న మనిషి. ఆ రోజు మాత్రం ప్రాణం ఉసూరుమంది. షెడ్డులోకి వెళ్లి గ్రైండరు వేసి, మెత్త మీద గోరు మందం అరగదీశాడు. ఆయన ఏ చట్రం చేసినా అవసరానికి మించి కొంచెం బలం దాచి ఉంచుతాడు. ఆ కొంచెంలోంచే తీశానని తనకి తాను చెప్పుకున్నాడు. లెక్కకి అది అబద్ధం కూడా కాదు. ఆ పూట పిట్ట రెండోసారి పెట్టించుకుని తింది. భార్యకి చెప్పలేదు. రోజూ ఏడ్చినా లాగమని ఆవిడ మీద అరిచిన నోటితో ఆ సంగతి ఎలా చెబుతాడు?

ఆర్నెల్లకి మళ్లీ ఎక్స్‌రే తీశారు. పిల్ల రెండంగుళాలు ఎదిగింది, మంచిదే. వంపు మాత్రం యాభై మూడు. సర్జన్ ఫిల్ముని దీపం మీద పెట్టి, పాత ఫిల్ము తెచ్చి పక్కన పెట్టి చూశాడు. తర్వాత, వేళకి తొడుగుతున్నారా అని మాత్రం అడిగాడు. తొడుగుతున్నాం అన్నాడు చట్రాలాయన. అది నిజమే.

ఇంటికి రాగానే బ్రేస్ విప్పి షెడ్డులోకి పట్టుకుపోయాడు. నేనే చంపుకున్నాను అనుకుంటూనే, ఆయన బుర్ర లెక్క వేస్తోంది. గోరు మందానికి ఇంత నష్టం రాదు. పిట్ట మొండెం ఇంకా గోడ దగ్గరే ఉంది. పిల్ల ఎదిగినా మొండెం ఎదగదు కదా, అందుకే దానికి తొడిగి పట్టీలు గీత దాకా లాగాడు. అది అతుక్కుపోయి ఉండాలి. ఆయన చెయ్యి పెట్టి చూస్తే రెండు వేళ్లు లోపలికి దిగాయి. మొండేనికీ చట్రానికీ మధ్య రెండు వేళ్లు. పట్టీల్ని వెలుతురులో తిప్పి చూశాడు. మూడింటికీ మొదలు దగ్గర దారం కొత్తది. పాత కుట్టు విప్పి, ఒక్కో పట్టీని రెండు వేళ్ల మేర వదిలి మళ్లీ కుట్టారు. అలా వదిలితే, లాగినప్పుడు ఆయన గీత ఎప్పటిలాగే బకిల్ దగ్గరికే వస్తుంది, బిగువు మాత్రం రాదు. ఆర్నెల్లపాటు ఆయన రోజూ బకిల్ దగ్గర గీతని చూసి తృప్తి పడ్డాడు. తన గీత మీద తనకి అంత నమ్మకం. బిగువుని చేత్తో చూసే మనిషి కళ్లతో చూసి ఊరుకున్నాడు.

ముందు గదిలోకి వచ్చి బ్రేస్‌ని పట్టీలు కనబడేలా మిషను మీద పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి, చక్రం మీద చెయ్యి ఆనించి ఆపింది.

"పిల్ల ఊపిరి తీసుకుంటుంటే చూళ్లేకపోయాను," అంది. "రెండు వేళ్లే. మీరు చేసింది కదా, ఆ మాత్రం ఓర్చుకుంటుందనుకున్నాను."

ఓర్చుకునేదే. ఆయనకి అదే గుండెలో దిగబడింది. ఆవిడ ఒక్కతే వదిలి ఉంటే చట్రం ఓర్చుకునేది. ఆయన ఒక్కడే అరగదీసి ఉన్నా ఓర్చుకునేది. ఆయన దాచి ఉంచిన బలాన్ని ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఖర్చు పెట్టేశారు. ఇల్లు అదిరేలా అరవాలనుకున్నాడు. అరవాలంటే ముందు తన సంగతి చెప్పాలి. చెప్పాడు. ఆవిడ వింటూ ఒళ్లో పడిన దారప్పోగులు ఏరుకుంటూ కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ గదిలో ఇద్దరికీ తెలిసొచ్చింది.

గుమ్మంలో పిట్ట నిలబడి ఉంది. బ్రేస్ లేకపోవడంతో ఒక భుజం ఎత్తుగా, ఒక భుజం పల్లంగా. ఎప్పుడొచ్చిందో వాళ్లు చూడలేదు.

"నాకు రెండూ తెలుసు," అంది. "నాన్న గీకింది తెలుసు, అమ్మ కుట్టింది తెలుసు. చెబితే ఎవరో ఒకరు మళ్లీ బిగిస్తారని చెప్పలేదు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. పన్నెండేళ్ల పిల్ల కూడా తన పిడికెడు పట్టుకుని నిలబడింది. ఆయన దాన్ని దగ్గరికి తీసుకుని, నీ తప్పేం లేదమ్మా, పెద్దవాళ్లం మేమున్నాం అన్నాడు. ఆ పిల్ల తలూపింది గానీ నమ్మలేదు.

ఆపరేషన్ తప్పలేదు. ఎదిగే పిల్ల, వంపు వారవారానికీ ముదురుతోంది. సర్జన్ తన గదిలో కూర్చోబెట్టి అంతా వివరించాడు. పూసపూసకీ మరలు, వాటిని కలుపుతూ రెండు కడ్డీలు, కడ్డీలతో వెన్నుని నెమ్మదిగా నిటారు చెయ్యడం. వెన్నుపాము అక్కడే ఉంటుంది కాబట్టి, ఏ కొద్దిమందికో కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంటుందని కూడా చెప్పాడు. బల్ల మీద నమూనా మర ఒకటి ఉంది. చట్రాలాయన దాన్ని తీసి వేలితో దాని చుట్లు తడిమాడు. మంచి మర. ఎవరో శ్రద్ధగా చేశారు. అలాంటి వాటి గురించి ఆయన సర్జన్‌తో గంటలు గంటలు సరదాగా వాదించేవాడు. ఆ రోజు దాన్ని ఎక్కడ తీశాడో అక్కడే పెట్టేశాడు.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద భార్యాభర్తలు మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. సర్జన్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. వెన్ను నిటారైంది, కాళ్ల నుంచి మాత్రం జవాబు రావడం లేదు అన్నాడు. కడ్డీలు సడలించారు, మర్నాడు మళ్లీ తెరిచి అన్నీ తీసేశారు, మందులు ఎక్కించారు. రోజులు వారాలయ్యాయి. జవాబు రాలేదు. ఇందులో ఎవరి పొరపాటూ లేదు, చెయ్యాల్సిందంతా సరిగ్గానే చేశాం, కొందరికి ఇలా జరుగుతుంది అని చెబుతూ సర్జన్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాట నిజమే. నిజం కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి కూడా దారి లేకపోయింది.

పక్కటెముకల కింద నుంచి పిట్టకి స్పర్శ తెలియదు. చక్రాల కుర్చీలో కూర్చోవాలంటే మొండెం నిలబెట్టే చట్రం కావాలి. ఈసారి చట్రాలాయన తనంతట తనే పక్క వర్క్‌షాపు వాడి దగ్గరికి వెళ్లాడు, వాడు సరేనన్నాడు కూడా. పిట్ట ఒప్పుకోలేదు. నాన్నే చెయ్యాలంది, ఇంక ఆ మాట మీదే ఉంది. పడుకోబెట్టి అచ్చు తీశాడు. చెక్కాడు, పూశాడు, రేకు కప్పాడు. భార్య పట్టీలు కుట్టి ఆయన ముందు పెట్టి, లాగి చూసుకోమంది. ఒక్కో కుట్టునీ ఆయన గట్టిగా లాగి చూశాడు.

తొడిగిన రోజు తల్లి ఒక పక్క పట్టుకుంటే ఆయన పట్టీలు బిగించి, పిల్లని కుర్చీలో కాసేపు కూర్చోనిచ్చాడు. తర్వాత కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఇన్నేళ్లుగా ప్రతి పేషెంటునీ అడిగే మాటే ఆలోచించకుండా అడిగేశాడు.

"ఎక్కడ నొక్కుతోందమ్మా?"

పిట్ట తన ఒంటి వంక తను కిందికి చూసుకుంది.

"తెలీదు నాన్నా," అంది. "నువ్వే విప్పి చూసి చెప్పు."

ఆయన పట్టీలు ఒక్కొక్కటే విప్పి రేకు తెరిచాడు. పక్కటెముకల కింద అరచెయ్యంత మేర చర్మం కమిలి ఎర్రగా ఉంది. చూసిన తల్లి పళ్లు బిగపట్టుకుంది. పిట్ట కుర్చీ చేతుల మీద చేతులు పెట్టుకుని, ఆయన ఏం చెబుతాడో అని ఎదురుచూస్తూ కూర్చుంది.