శుక్రవారాల దొంగ టిక్కులు

ఆ ఆదివారం చర్చికి బయల్దేరుతూ చీరకి పిన్ను పెట్టుకోలేకపోయాను. కుడిచేతి వేళ్ళు నా మాట వినలేదు. "ఏటే, ఇంకా అవలేదేటి?" అని మా ఆయన గుమ్మంలోంచి కేకేశారు. పిన్ను కనబడటం లేదని అబద్ధం చెప్పాను. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు. నెలసరి ఆగిపోయి రెండేళ్ళు.

రాయపూర్‌లో న్యూరాలజీ డాక్టర్ మేడమ్ నన్ను నడిపించి చూశారు, బొటనవేలికి చూపుడువేలు తట్టమన్నారు. ఎమ్మారై నార్మల్ అని సంతోషపడేలోపే, "పార్కిన్సన్స్. క్యూర్ లేదు, కంట్రోల్ ఉంది" అన్నారు.

లెవోడోపా మాత్రలతో ఏడాది బాగానే గడిచింది. తరవాత డోసుకీ డోసుకీ మధ్య కాళ్ళు నేలకి అతుక్కుపోవడం మొదలైంది. అప్పుడు మేడమ్ ఒక స్టడీ గురించి చెప్పారు. "మెనోపాజ్ తరవాత ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. దాన్ని ఒంటికి అంటించే ప్యాచ్‌తో తిరిగి ఇస్తే పార్కిన్సన్స్ ఉన్న ఆడవాళ్ళకి మేలా కాదా, మాకింకా తెలియదు. కొందరికి అసలు ప్యాచ్, కొందరికి మందులేని ఉత్తది. మీకేది వస్తుందో నాకూ తెలియదు."

హార్మోన్ అనగానే నాకు క్యాన్సరే గుర్తొచ్చింది. రక్తం గడ్డకట్టే రిస్క్ ఉందని కూడా ఆవిడ దాచకుండా చెప్పారు. మామోగ్రామ్ రిపోర్టు వచ్చేదాకా తిండి సహించలేదు. అయినా సంతకం పెట్టాను. మంచాన పడతానన్న భయం అంతకన్నా పెద్దది.

ప్యాచ్‌లతో పాటు ఇంటికి ఒక డైరీ ఇచ్చారు. మాత్ర వేసుకుంటే టిక్కు, కాళ్ళు పట్టేస్తే 'ఆఫ్' అని రాయాలి. అంతలో ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసాల శ్రమకాలం వచ్చింది. మా ఇంట్లో ఆ శుక్రవారాలు సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా ముట్టం. నేనూ ముట్టలేదు, మాత్రతో సహా. కాళ్ళు పట్టేస్తే 'ఆఫ్' అని నిజమే రాశాను గానీ, మేడమ్ తిడతారని మాత్రకి మాత్రం టిక్కు పెట్టేశాను.

మూడో శుక్రవారం మా ఊళ్ళో రుఆబాంధా దగ్గర రోడ్డు మధ్యలో కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా లారీ. హారన్ వినబడుతోంది, అడుగు పడటం లేదు. చచ్చిపోయాననే అనుకున్నాను. నా వెంట ఉన్న మా అమ్మాయి గ్రేసీ నన్ను పక్కకి లాగేసింది. ఇంటికొచ్చి మాత్రల డబ్బా తెరిచి చూస్తే ఆరోజు మాత్రలు అలాగే ఉన్నాయి. "మమ్మీ, గోలీ క్యోం నహీఁ ఖాయీ? దేవుడు మందు మానీమన్నాడేటి?" అని ఏడ్చింది.

మర్నాడే మేడమ్ దగ్గరికెళ్ళి అంతా ఒప్పేసుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "ఇది చెప్పకపోతే శుక్రవారాలన్నీ ఆఫ్ చూసి ప్యాచ్ పనిచేయడం లేదనుకునేదాన్ని. మీరు అబద్ధం రాస్తే, రేపు ఇంకో ఆడమనిషికి తప్పు మందు నేను రాస్తాను" అని హిందీలో మెల్లగా అన్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. డైరీలో తప్పుని చెరపకూడదట, ఒక గీత కొట్టి పక్కన సంతకం చేయాలట. మూడు శుక్రవారాలకీ అలాగే చేశాను.

స్టడీలో నా వంతు అయిపోయింది. నాది అసలు ప్యాచో ఉత్తదో ఇంకా చెప్పలేదు. మాత్రలు వేళకి పడుతుంటే వంట చేసుకుంటున్నాను, చర్చికి నడిచి వెళ్తున్నాను. పొద్దున్నే మంచం దిగేముందు మాత్రం ఈరోజు కాళ్ళు కదులుతాయా అని ఇప్పటికీ భయమే.

మీకు నేను చెప్పేది ఒక్కటే. ఉపవాసమైనా, మొక్కైనా, డాక్టర్ని అడగకుండా మాత్ర ఆపకండి. ఒకవేళ ఆపితే, ఆపానని రాయండి. ఆ కాగితాన్ని నమ్మి డాక్టర్ రాసే మందు వేసుకోబోయే మనిషి మనకి ఎప్పటికీ కనబడదు.