మా బావ ఆదిమూలం ట్రైనింగు

మా బావ ఆదిమూలం మాటల కంటే ముందు కొట్టడం నేర్చుకున్న మనిషి. వడమాలపేటలో ఆయన చేతి దెబ్బ తినని వాళ్లు తక్కువ. నేనూ తిన్నాను, రెండు పళ్లు పోయాయి. ఎందుకంటారా? పేకాటలో ఆయన ఓడిపోతే నవ్వానని! అయినా ఆయనంటే నాకు ప్రేమే. ఏం చేయను, నా ఖర్మ.

బావి నీళ్ల దగ్గర గొడవొచ్చి బావ, పక్క పొలం మునెయ్య కుడిచెయ్యి గడ్డపారతో విరగ్గొట్టాడు. ఆ కేసులో పొలం కాస్తా పోయింది. ఆరు నెలలు జైల్లో ఉండి ఇంటికొస్తే, మా అక్క దేవకమ్మ గడప దాటనివ్వకుండా నిలదీసింది.

"ఇంగొక్కసారి ఎవురి మీదన్నా చెయ్యెత్తినావంటే, పిల్లోళ్లను తీసుకోని మా నాయనింటికి పోతా. మళ్ల నా మొగం సూడవు."

డెబ్బై తొమ్మిదిలో సంగతి ఇది. అప్పుడే మద్రాసు కంపెనీ ఒకటి ఊరూరా తన పేరుతో అంగళ్లు పెట్టిస్తోంది. సరుకు వాళ్లది, బోర్డు వాళ్లది, నడిపేది మనం. అయితే ఒప్పంద కాగితం మీద ఎవరి పేరుంటే వాళ్లే తిరుపతిలోని కంపెనీ అంగట్లో ఇరవై ఒక్క రోజులు నిలబడి పని నేర్చుకోవాలి. బదులు మనిషిని పంపితే ఒప్పుకోరు. ఒక్కరోజు మానినా, కస్టమరు మీద చెయ్యి లేచినా కాగితం చింపేస్తారు. పొలం లేని మా బావకు అదొక్కటే దారి. "నువ్వూ పోరా గోవిందూ, ఆయన చెయ్యి లేస్తే పట్టుకో" అని అక్క నన్ను వెంట తరిమింది. నాకేమన్నా రెండు ప్రాణాలా? అయినా పోయాను.

పని నేర్పే సుందరరాజు గాలొస్తే పడిపోయేటట్టుండే మనిషి. మొదటి రోజే తనే కస్టమరు వేషం కట్టి, బావ ఇచ్చిన సబ్బును తిరిగి మొహాన కొట్టాడు. "ఇదా సబ్బు? నీ బతుక్కి అంగడొకటా!" అన్నాడు. బావ మెడ నరాలు ఉబ్బాయి. నేను ఆయన నడుం పట్టుకుని వేలాడాను.

"కోపమొస్తే చేతులు వెనక్కి కట్టుకో. 'ఇంకేం కావాలన్నా' అని అడుగు. అదే పాఠం" అన్నాడు సుందరరాజు, కళ్లద్దాలు సర్దుకుంటూ.

రోజూ ఇదే వరస. బావ తిట్లన్నీ మింగి, మధ్యాహ్నం గోడౌనులోకి పోయి ఉప్పు బస్తాలను గుద్దేవాడు. వేళ్ల కణుపులు చిట్లి ఉప్పు మండుతుంటే బూతులు తిట్టేవాడు, మళ్లీ గుద్దేవాడు. గోనెల నిండా రక్తం మరకలు.

"ఎవురనుకోని కొడతాండావు బావా?" అని అడిగాను.

"నువ్వనుకోని. నోర్ముయ్!"

ఇరవయ్యో రోజు మునెయ్య వచ్చాడు. ఆదిమూలం ఇప్పుడు చెయ్యెత్తకూడదన్న సంగతి ఊరంతా తెలిసిపోయింది మరి. వెంట ఇద్దరున్నారు. వాళ్లు నన్ను గోడకు అదిమి కడుపులో గుద్దితే ఊపిరాడక కూలబడ్డాను. మునెయ్య మాత్రం నింపాదిగా బల్ల దగ్గరికి పోయాడు.

"పావుకిలో సక్కెర కట్రా రేయ్."

బావ కాటాలో చక్కెర పోశాడు. మునెయ్య ఎడమచేత్తో లాగిపెట్టి చెంప మీద కొట్టాడు. "ఎత్తరా చెయ్యి! ఎత్తు, సూస్తా!" అని ఇంకొకటి కొట్టాడు. బావ ముక్కులోంచి రక్తం కాటా పళ్లెంలో పడింది. ఆయన ఆ చక్కెర పారబోసి, పళ్లెం తుడిచి, కొత్తగా తూచాడు. దాంతో మునెయ్యకు పిచ్చెక్కింది. బల్ల మీది కిలో రాయి అందుకుని బావ ఎడమ చెవి మీద మోదాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

సుందరరాజు అరిచాడు. "కొట్టవయ్యా! వాడు కస్టమరా? నిన్ను చంపేస్తాడు! కాగితం సంగతి నేను చూసుకుంటా, కొట్టు!"

"సక్కెర అడిగినాడు గదా సార్" అన్నాడు బావ. చొక్కా సగం ఎర్రబడింది. పొట్లం కట్టి మునెయ్య ముందుకు చాపాడు. "ఇంగేం కావాలన్నా?"

మునెయ్య ఎడమచేతిలో రాయి ఉంది. అలవాటుకొద్దీ కుడిచెయ్యి చాపాడు. దాని వేళ్లు ముడుచుకోలేదు. పొట్లం జారి, పగిలి, చక్కెరంతా నేలపాలైంది. బావ ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. విరగ్గొట్టాక దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. వంకర తిరిగిన మణికట్టు, ఎండిపోయిన వేళ్లు. ఉన్నట్టుండి భోరున ఏడ్చాడు. జైలుకు పోయేటప్పుడు కూడా ఏడవని మనిషండీ! మునెయ్య బిత్తరపోయి, రాయి పడేసి, "థూ!" అని ఉమ్మి వెళ్లిపోయాడు.

పోలీసులకు చెబుదామంటే బావ ఒప్పుకోలేదు. మరునాడు తలకు కట్టుతోనే నిలబడి ఇరవై ఒకటో రోజు పూర్తిచేశాడు. కాగితం వచ్చింది, ఎడమ చెవి పోయింది. ఇప్పుడు వడమాలపేట అంగట్లో మా అక్క ఆయన కుడి పక్కన కూర్చుని, ఎడమ వైపు నుంచి ఎవరేం అడిగారో గట్టిగా అరిచి చెబుతుంది.

మునెయ్య కూడా అక్కడికే వస్తాడు. వచ్చి నాలుగు బూతులు తిట్టి సరుకు అడుగుతాడు. బావ పొట్లం కట్టి, పురికొసను పొడుగ్గా వదిలి గాజులా గుండ్రంగా ముడి వేసి, ఆ వంకర మణికట్టుకు తగిలిస్తాడు. ఇంకెవరికీ అట్లా కట్టడు.

"ఈ ముడి యాడ నేర్సుకున్న్యావు?" అని అక్క ఒకసారి అడిగింది.

"ట్రైనింగులో నేర్పినారు" అన్నాడు.

పచ్చి అబద్ధం! ఇరవై ఒక్క రోజులూ నేను అక్కడే ఉన్నాను.