అడ్డాకు విస్తరికి పెట్టిన పరీక్ష

మొన్న పెళ్లిలో అడ్డాకు విస్తర్లు వేశారు. వేడన్నం తగలగానే ఆ ఆకు వాసన లేచింది. ఫోటో తీసి ఇక్కడ పెడదామనుకున్నాను, మనసొప్పలేదు.

ఖమ్మంలో మా ఆకుల కొట్టు మీలో కొందరికైనా గుర్తుండాలి. వెదురు పుల్లలతో కుట్టిన విస్తళ్ల కట్టలు కప్పు దాకా ఉండేవి. నాన్న పద్ధతి ఒకటుంది. తెచ్చినవాళ్ల కట్టలోంచే ఒక విస్తరి లాగి, వాళ్లకే అందులో అన్నం పెట్టించి చారు పోయించేవారు. తినేలోగా చారు కారిందా, కట్టంతా వాపసు. దుమ్ముగూడెం అవతలి అడవి నుంచి వచ్చే ముత్తమ్మ విస్తరి ఏనాడూ కారలేదు.

తొంభైల్లో బయటిదేశాల మిషన్ల మీద చేసిన పేపర్ ప్లేట్లు దిగాయి. ఏడాది తిరక్కుండా మా బజారంతా ఆకు వ్యాపారం మానేసింది, నాన్నతో సహా. ఆ సంగతి తెలియక ముత్తమ్మ నెత్తిన కట్టతో వచ్చింది.

"ఆకు ఇంక ఎవ్వరు కొంటలేరు ముత్తమ్మా. వచ్చినవ్ గదా, తిని పో," అన్నారు నాన్న.

"కారుతదేమో సూడరాదా సావుకారీ," అంటూ ఆమె కట్ట విప్పబోయింది.

"గదేం అవసరం లేదు," అని నాన్న పేపర్ ప్లేటు ముందు పెట్టారు. వడ్డించింది నేనే. నాలుగు ముద్దలకే అడుగు నాని, చారంతా ఆమె చీర మీద కారింది. ఆమె తలెత్తి, కొట్లో పేర్చిన ప్లేట్ల వైపు చూసి, నాన్న వైపు చూసింది.

"సక్కగ కూసోని తినరాదా?" అని కసిరారు నాన్న.

కొట్లో అందరికంటే ముందు నవ్వింది నేనే.