పుల్ల పెట్టే మేడమ్

ఆ రోజుల్లో హైదరాబాదు ఇబ్రహీంపట్నం వైపు ఉరుకులు పరుగుల మీద వస్తుండేది. చేనుకొక ప్లాట్ల బోర్డు వెలిసేది, బస్సు దిగిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి కొనడానికే వచ్చారని ఊరివాళ్ళు అనుకునేవాళ్ళు. నేను మాత్రం పాఠం చెప్పడానికి వచ్చాను. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. మావాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. నర్సింగు చదివి, కొత్తగా వచ్చిన గర్భనిరోధక కడ్డీ మీద శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో చేరాను. మోచేతికి పైన లోపలివైపు చర్మం కింద దాన్ని అమరిస్తే మూడేళ్ళు గర్భం రాదు. ఇబ్రహీంపట్నం దవాఖాన నర్సులు ఆరుగురికి రెండు రోజుల్లో ఈ పని నేర్పాలి. ఇదే నా మొదటి శిక్షణ కాబట్టి లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకంతో ఉన్నాను.

మొదటి రోజు రబ్బరు చేతి మీద సాధన. పద్ధతి సులువుగా బుర్రకెక్కాలని అగ్గిపుల్ల ఒకటి పైకెత్తి, "అచ్చం ఇంతే ఉంటుందండి. పుల్ల పెట్టడం చాలా తేలిక, ఎవరైనా పెట్టొచ్చు" అన్నాను. ఆరుగురూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నా బోధన అంత రుచిగా ఉందన్నమాట అని మురిసిపోయాను. ఆ ఉత్సాహంలోనే సాయంత్రం ఒక అట్ట తెప్పించి, నా ముత్యాల్లాంటి అక్షరాలతో 'రేపు ఇచ్చట ఉచితముగా పుల్ల పెట్టబడును' అని రాసి గేటుకు కట్టించాను. (కాపురాల్లో తగవులు రేపడాన్ని పుల్లలు పెట్టడమనే మా ఇంట్లోనూ అంటారు. మా అమ్మ మా మేనత్త గురించి రోజూ అనే మాటే అది. అయినా చేతిలో పెన్ను ఉన్నప్పుడు నాకు గుర్తు రాలేదు.)

రెండో రోజు ప్రతి నర్సూ నా కళ్ళెదుట నిజమైన చేతికి కడ్డీ అమర్చి చూపాలి. సాయంత్రం నాలుగింటిలోపు అది జరగకపోతే శిక్షణ రద్దు, కడ్డీల పెట్టె నగరానికి వాపసు, ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకి ఈ అవకాశం మళ్ళీ ఎప్పుడో. పదకొండు దాటినా కడ్డీ కోసం ఒక్క మనిషి రాలేదు. వచ్చినవాళ్ళు గేటు దగ్గర అట్ట చదివి, కిసుక్కున నవ్వి, దగ్గు మందు తీసుకుని వెళ్ళిపోతున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు రావిర్యాల నుంచి ఒక అత్తగారు, వెనక కోడలు, ఆమె చంకలో ఏడాది పిల్ల, లోపలికి వచ్చారు. అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "పుల్లలు పెట్టే మేడమ్‌వి నువ్వేనా? ఇంట్ల పెట్టేటోళ్ళు సాలరా, సర్కారోళ్ళు గూడ మొదలుపెట్టిన్రా?" అంది.

నర్సులు ఈసారి కొంగులు కూడా అడ్డం పెట్టుకోలేదు. నేను 'చర్మాంతర్గత హార్మోను విడుదల' అంటూ ఏదో గొణిగాను. నర్సుల్లో పెద్దావిడ, యాచారం నుంచి వస్తుంది కాబట్టి అందరూ యాచారం అక్క అనేవాళ్ళు, నన్ను పక్కకు జరిపి అత్తగారిని కూర్చోబెట్టింది.

"వదినె, గిది పుల్ల గాదు, బేఫికర్. మూడేండ్లు కడుపొస్తదన్న ఫికర్ ఉండది. నెలసరి జర అటిటు అయితది, ముందే జెప్తున్న, తర్వాత నన్ను తిట్టొద్దు. వద్దనుకున్న రోజు వస్తే తీసేస్తం."

అత్తగారు కోడలి చంకలోని పిల్లను తన ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా, "ఏడుగురిని కన్న. నా కాలంల యాడికి పోయింది గిది?" అంది.

గదిలో ఎవరూ నవ్వలేదు. అక్క ఆమె చేయి నిమిరి, కోడలిని ఒక్కదాన్నే పక్క గదిలోకి తీసుకెళ్ళి, నీకేం కావాలో నువ్వు చెప్పమని అడిగింది. డిగ్రీ ఇంకా ఏడాది మిగిలి ఉందని, అది పూర్తయ్యేదాకా ఇంకో బిడ్డ వద్దని, పెట్టమని ఆ అమ్మాయి స్పష్టంగా చెప్పింది.

మత్తు సూది ఇచ్చి అక్క కడ్డీ అమర్చడం మొదలుపెట్టగానే నేను ఒకటో మెట్టు, రెండో మెట్టు అని వల్లించసాగాను. "మేడమ్, జర మాట బంద్ జెయ్యుండ్రి" అంది తల ఎత్తకుండానే. చేశాను. నిమిషంలో పని అయిపోయింది. కడ్డీ చేతికి తగులుతోందో లేదో కోడలు తడిమి చూసుకుంది, ఆమె సరేనన్నాక అత్తగారు కూడా తడిమి తృప్తిగా తలూపింది.

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. నేరుగా బస్టాండుకు వెళ్ళి, కనబడిన ఆడవాళ్ళందరికీ కథంతా చెప్పింది. మధ్యాహ్నానికి వరండా నిండిపోయింది. అందరూ 'బేఫికర్' ఎక్కడ అని అడిగేవాళ్ళే. కొందరు విషయమంతా విని వద్దనుకుని వెళ్ళారు, కొందరు చేయి చాపారు. నాలుగు కొట్టేసరికి ఆరుగురు నర్సులూ నెగ్గారు, పెట్టెలో ఒక్క కడ్డీ మిగల్లేదు. ఏనుగెక్కినంత సంబరంగా ఉంది నాకు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను. వెళ్ళిన ప్రతిచోటా, నోరు తెరిచే ముందు, దీన్ని మీరేమంటారని అక్కడివాళ్ళనే అడగడం అలవాటైంది. ఆ సాయంత్రం ఆరు ధ్రువపత్రాల మీద దర్జాగా సంతకాలు గీకిన ఇరవై ఆరేళ్ళ నన్ను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. యాచారం అక్క సంతకంతో ఏడో పత్రం ఒకటి నేనే తీసుకోవాల్సింది. అడగాలన్న బుద్ధి అప్పుడు పుట్టలేదు.