గిటారు మెడలో రాతిపిండి

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందు శనివారం, మధ్యాహ్నం మూడుంపావు. ఏడేళ్ళయింది. ఆ వేళ నాకు గడియారం చూసి తెలియలేదు. ఆ రోజుల్లో మా వీధికి నీళ్ళ ట్యాంకరు సరిగ్గా అప్పుడే వచ్చి హారన్ కొట్టేది. ఆ హారన్ మోగాక నేను ఒక పని చేశాను. అప్పటినుంచి మోస్తున్నాను. పలకరాతి గనిలో బండలు మోసినవాడిని, బరువంటే నాకు కొత్త కాదు. కానీ ఆ బండలను సాయంత్రానికి దించేవాళ్ళం.

ఇది చదివేది ఎవరో నాకు తెలియదు. ఎవరైతే నాకేం. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను. నన్ను ఓదార్చొద్దు. "పోనీలే, పెద్దవాడు" అనొద్దు. అట్లా అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విను, అంతే.

నా కొడుకు దావీదు మార్కాపురంలో మోటార్లకు వైండింగు కడతాడు. చేతిలో పని ఉన్నవాడే. గిటారు వాయించడం ఎక్కడో నేర్చుకున్నాడు. ఆ ఏడు ఫోనులో చూసి ఒక అట్టపెట్టె తెప్పించాడు. విప్పితే గిటారు ముక్కలు ముక్కలుగా ఉంది. కోసిన చెక్క ఒకటి, పొడుగాటి మెడ ఒకటి, తీగలు, తీగలను బిగించే చెవులు, పికప్పులని అయస్కాంతం పట్టీలు, వైర్లు, ఒక ఇంగ్లీషు కాగితం. ఇంట్లో మనమే కూర్చుకోవాలట. కరెంటు గిటారు.

"ఇదేందిరా, రొట్టెల పీటకు పారకట్టె తగిలిచ్చినట్టుంది" అన్నాను.

"నీకు తెలీదులే నాయనా. నువ్వు డోలక్ కొట్టుకో. ఇంగ రెండు వారాలే గదా" అన్నాడు వాడు, తల ఎత్తకుండానే.

రెండు వారాలు. ఎందుకన్నాడో చెప్పాలి. మా సంఘంలో ఆదివారం పాటలకు డోలక్ నాది. వాడు పుట్టకముందు నుంచీ నాది. నాకు అప్పటికి అక్షరం రాదు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా నాకు తెలిసేది కాదు. కానీ ప్రతి చరణమూ నోటికి వచ్చు, ఎక్కడ ఆపాలో ఎక్కడ ఎత్తుకోవాలో నా అరచేతికి తెలుసు. వారమంతా నన్ను వేలిముద్రగాడని చూసేవాళ్ళు, చదువుకున్న మేస్టర్లు, ఆ ఒక్క గంట నా చేయి చూసి పాడేవాళ్ళు. ఆ గంట తప్ప నాకు ఇంకేముంది? ఈస్టరు నుంచి గిటారు ఉంటుంది, డోలక్ వద్దు అని దావీదూ పాస్టరు అయ్యగారూ మాట్లాడుకున్నారు. పెద్దలందరి ముందూ నా కొడుకే చెప్పాడు, "నాయనకు తాళం సాగుతాంది" అని.

అబద్ధమైతే కొట్టేవాడిని. నిజం. నా ఎడమచెవి అప్పటికే మందగించింది. నిజం చెప్పాడు కాబట్టే నాకు వాడి మీద విషం పుట్టింది. కన్నకొడుకు మీద విషం పుడుతుందా అని అడుగుతావేమో. పుడుతుంది. నీకు పుట్టలేదేమో, అదృష్టవంతుడివి.

వాడు రోజూ పని నుంచి వచ్చి ఆ చెక్కను గరుకు కాగితంతో రుద్దేవాడు, వార్నిష్ పూసేవాడు. నేను అరుగు మీద కూర్చుని కిటికీలోంచి చూసేవాడిని. పని తీరు బాగుంది. అదీ మండింది. శనివారం మెడ అతికించే రోజు. కొన్ని గిటార్లకు మెడను స్క్రూలతో బిగిస్తారట, దీనికి బంకే ఆధారం. మెడ మొదలును చెక్కలోని గాడిలో కూర్చోబెట్టి, బంక పెట్టి, క్లాంపులనే ఇనుప పట్లతో నొక్కి, ఒక పగలూ రాత్రీ కదపకూడదు.

పట్టుకోవడానికి భార్యను పిలిచాడు. నా కోడలు సువార్త. పలకల కార్ఖానాలో రాతిని నున్నగా రుద్దే పని ఆమెది. ఆ పని చేసేవాళ్ళ ఒంటినిండా రాతిపిండి. బూడిద రంగు, తాకితే జారుతుంది, గోళ్ళలో వెంట్రుకల్లో దూరుతుంది. గని వదిలాక పలకకు చెక్క చట్రం బిగించే పని నేను ముప్పై ఏళ్ళు చేశాను. మొదటిరోజే మేస్త్రీ నెత్తిన మొట్టి నేర్పే మాట ఒకటుంది. మూలకు బంక పెట్టేముందు ఊదు, తుడువు, మళ్ళీ ఊదు. రాతిపిండి ఉన్నచోట బంక పట్టదు. పట్టినట్టే కనిపిస్తుంది, నాలుగు రోజులకు ఊడుతుంది. ఈ ఊళ్ళో ఈ సంగతి ఎవరికి తెలియదు? దావీదుకూ తెలుసు. అందుకే ఆమె చేత మూడుసార్లు చేతులు కడిగించాడు. ఆమె నవ్వుతూ గోళ్ళు కూడా చూపించింది.

బంక పెట్టారు, బిగించారు. అంతలో ఎవరిదో మోటారు కాలిందని ఫోను వస్తే దావీదు బయలుదేరాడు. వెంటనే ట్యాంకరు హారన్. మా దగ్గర ఆ హారన్ విన్నాక ఇంట్లో మనిషి నిలవడు. నా భార్య మార్తమ్మ, సువార్త, బిందెలు తీసుకుని పరిగెత్తారు. ఇల్లు ఖాళీ అయింది.

నేను లోపలికి పోయాను.

క్లాంపు వదులు చేశాను. మెడను బయటికి లాగాను. బంక ఇంకా పచ్చిగా ఉంది, తీగలుగా సాగింది. తడిగుడ్డతో తుడిచాను. సగమే తుడవగలిగాను, బయట బిందెల చప్పుడు దగ్గరవుతోంది. గోడకు మేకుంది. దానికి సువార్త పనిలో నడుముకు చుట్టుకునే ముతక గుడ్డ వేలాడుతోంది. దాని మడత విప్పి గాడిలోకి దులిపాను. పిండి రాలింది. వేలితో పామాను. మెడ మళ్ళీ కూర్చోబెట్టి బిగించాను, బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఎంతసేపు పట్టింది? రెండు బిందెలు నిండేంత.

ఈస్టరు ఆదివారం సంఘం కిటకిటలాడింది. మొదటి పాట బాగానే సాగింది. బాగానే ఏముంది, చాలా బాగుంది. ఒప్పుకుంటాను. రెండో పాట నడుమ టప్పుమని చప్పుడు. మెడ ఊడి ముందుకు వాలింది, తీగలు జారిపోయాయి, స్పీకరు గీపెట్టింది. వెనక నుంచి ఎవడో అన్నాడు, "గొల్యాతు రాకముందే దావీదు వడిసెల తెగిందిరో!" ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ నవ్వారు. పాస్టరు అయ్యగారు కూడా నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నారు. తరువాత ఎవరో, "పెద్దాయనా, డోలక్ ఎత్తుకో" అన్నారు. ఎత్తుకున్నాను. ఆ రోజు కొట్టినంత బాగా నా జన్మలో కొట్టలేదు. చేతులు ఎగిరాయి. నా కొడుకు విరిగిన గిటారును ఒళ్ళో పెట్టుకుని నేలవైపు చూస్తుంటే నేను సంతోషంగా కొట్టాను. ఇదీ రాయాలి. ఇది రాయకపోతే మిగిలినదంతా దొంగ ఏడుపే.

ఇంటికొచ్చాక దావీదు ఊడిన మెడను మంచం మీద పెట్టి, మొదలు దగ్గర గోటితో గీకాడు. బూడిద రంగు పొడి వచ్చింది.

"ఇదేంది?" అన్నాడు.

సువార్త వంగి చూసింది. రుద్దే పని చేసే మనిషి, చూడగానే గుర్తుపట్టింది. "రాతిపిండి" అంది, అమాయకంగా.

"పట్టుకున్నది నీ చేతులే గదా."

"మూడుసార్లు కడిగినానయ్యా. నువ్వే నీళ్ళు పోసినావు. గోళ్ళు గూడా చూసినావు."

"మరి యాడనుంచొచ్చె? మన్నా కురిసినట్టు ఆకాశంలోంచి కురిసెనా?"

ఆమె నావైపు తిరిగింది. "మామా, నువ్వు అరుగు మీదనే ఉండావు గదా. బిగిచ్చినాక నేను దాని జోలికే పోలేదు, బిందెలెత్తుకొని బయటికి పోయినా. చెప్పు మామా."

ఒక్క క్షణం అందరూ నన్ను చూశారు. నోరు తెరవడానికి అంతకన్నా మంచి గడియ దేవుడు ఎవరికిస్తాడు? తెరిచాను.

"పలకల చేతులమ్మా అవి. ఎంత కడిగినా పోదు. నాకు ముప్పై ఏండ్లు పోలేదు" అన్నాను.

సువార్త తన రెండు అరచేతులు తిప్పి చూసుకుంది. తనమీద తనకే అనుమానం వచ్చినట్టు చూసుకుంది. ఆ చూపు నేను పెట్టింది.

దావీదు ఆ ముక్కల్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశాడు. ఇంకెప్పుడూ ఏదీ కూర్చలేదు. భార్యను కొట్టలేదు, తిట్టలేదు. అంతకంటే చెడ్డపని చేశాడు. ఆమె టెస్టరు అందించబోతే "నువ్వొద్దులే" అనేవాడు. కంచం పెడితే ముందు ఆమె చేతుల వైపు చూసేవాడు. ఇప్పటికీ చూస్తాడు. సంఘంలో ఆడవాళ్ళ వైపు పాట ఎత్తేది ఆమె. మానేసింది. నలుగురూ నవ్విన రోజుకు కారణం తనే అనుకుంది. కార్ఖానా పని కూడా మానేసి కందిచేలకు కూలికి పోతోంది. రుద్దడంలో ఆమెను మించినవాళ్ళు లేరని మేస్త్రీ ఇంటికొచ్చి అడిగాడు. పోలేదు.

నాకు అక్షరాలు నేర్పింది ఈమే. అది జరిగిన రెండేళ్ళకు. పింఛను కాగితానికి వేలిముద్ర వేసి సిరా గోడకు రుద్దుతుంటే చూసి, "ఈ వయసులో ఏం పోయింది మామా, నేర్చుకో" అంది. మూల విరిగిన పలక ఒకటి ఇంట్లో ఉంటే దానిమీద దిద్దించింది. నేను తప్పు రాస్తే అరచేత్తో తుడిచేది కాదు. పక్కన తడిగుడ్డ పెట్టుకుని దానితో తుడిచేది. ఆ గుడ్డ చూసిన ప్రతిసారీ నాకు కోపం ఆగేది కాదు. "సరిగ్గా చెప్పు, తొందరేంది" అని ఆమె మీదే అరిచేవాడిని. ఆమె నవ్వేది. తప్పు చేసినవాడికి అందరికన్నా ఎక్కువ కోపం ఎవరిమీద వస్తుందో అప్పుడు తెలిసింది. ఎవరికి చేశాడో వాళ్ళమీదే.

ఇక అసలు సంగతి. ఏడేళ్ళుగా నాకు నేను ఒక మాట చెప్పుకుంటూ వచ్చాను. ఆ గుడ్డ చేతికి దగ్గరగా ఉంది కాబట్టి తీశాను, నింద ఆమె మీద పడుతుందని అనుకోలేదు అని. మా వాకిట్లో ఎక్కడ చూసినా రాతిపిండే. కిటికీ చెక్క మీద ఉంది, గుమ్మం మూల ఉంది. వంగి చిటికెడు తీస్తే చాలు. మరి మేకు దాకా ఎందుకు నడిచాను? ఎవరూ చేయనట్టు కనిపించాలనా? కాదు. ఎవరో ఒకరు చేసినట్టు కనిపించాలి, ఆ ఒకరు నేను కాకూడదు. చేయి ఆ గుడ్డ వైపు పోతున్నప్పుడే నింద సువార్త మీద పడుతుందని నాకు తెలుసు. ఇంతవరకూ రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, ఈ ఒక్క వాక్యం కోసమే పట్టింది. తెలిసే చేశాను.

డోలక్ ఇప్పుడు నా దగ్గర లేదు. చెవి పూర్తిగా పోయాక సంఘంవాళ్ళే తీసేసుకున్నారు. అది శిక్ష అని నువ్వు అనుకుంటే నీ ఇష్టం. ముసలితనం అందరికీ వస్తుంది, దాన్ని శిక్ష కింద రాసుకుని తప్పించుకోను. ప్రార్థనలో దేవుడికి చెప్పానా? చెప్పాను, చాలాసార్లు. ఆయన ఎవరితోనూ చెప్పడని ధైర్యం. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇది ఎవరి చేతికి పోతుందో, మా ఇంటికి తిరిగి వస్తుందో నాకు తెలియదు. వస్తే సువార్తకు నా రాత తెలుస్తుంది. పొల్లు ఎక్కడ మరచిపోతానో కూడా ఆమెకు తెలుసు. అప్పుడు ఆమె ఏమంటే అది. క్షమించమని అడగను. అడిగితే ఆమె క్షమిస్తుంది, అదే నాకు వద్దు. రాస్తుంటే చేయి మాత్రం కొంచెం తేలికపడింది. అంతే.

ఆ శనివారం మూడుంపావుకు ఎవరు ఎక్కడున్నారో రాసి ఆపుతాను. దావీదు, కాలిన మోటారు కోసం పోతూ వీధి మలుపులో ఉన్నాడు. ఖాసిం, ట్యాంకరు డ్రైవరు, పైపు పట్టుకుని ఉన్నాడు. నా భార్య మార్తమ్మ వరుసలో ఉంది, ఎదురింటి రాహేలమ్మ ఆమె వెనక ఉంది. సువార్త పైపు కింద ఉంది, ఒక బిందె చంకన, ఇంకొకటి నీళ్ళ కింద, అందరి కళ్ళ ముందూ. గిటారు ఉన్న గదిలో నేనొక్కడినే ఉన్నాను.